అమ్మును ఎవరూ ముట్టుకోవద్దు

సెప్టెంబర్ 22

ఈ పుస్తకం ల్యాబ్ కోసం కొన్నాను. ఇప్పట్లో ల్యాబ్‌కు వెళ్ళేది లేదు కాబట్టి ఇలా వాడుతున్నాను.

అమ్ము గాజుపెట్టెలో ఉంది. ఏడో నెలలోనే వచ్చేసింది. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, పక్కనున్న గుండ్రటి కన్నంలోంచి వేలు అందిస్తే పట్టుకుంటుంది. ఆ పట్టు మాత్రం గట్టిది. తక్కినదంతా కాగితంలా ఉంది.

నవ్వొచ్చే సంగతి ఒకటుంది. దోహాలో పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తం నాలుగేళ్ళుగా పోగుచేస్తున్నది నేనే. పుట్టగానే వేసిన టీకా పసివాళ్ళ ఒంట్లో ఎందుకు అంతంతమాత్రంగా పని చేస్తుంది, దానికి ఏ మందు తోడు చేస్తే బాగా పని చేస్తుంది అన్నదే నా ఉద్యోగం. కాన్పుకు ముందు తల్లుల పక్కన కూర్చుని ఎన్నిసార్లు చెప్పానో: "మీ పాప ఒంట్లో కణాలు బలహీనమైనవి కావమ్మా. ఇన్ని నెలలు మీ కడుపులో ఉండాలంటే మీతో పోట్లాడకూడదు కదా, అందుకని నెమ్మదిగా ఉండడం నేర్చుకున్నాయి. ఆ నెమ్మది వదలడానికి కొంత కాలం పడుతుంది. అందాకా మీ రక్తంలోంచి వెళ్ళిందే దానికి కాపలా."

తల్లి నుంచి ఆ కాపలా వెళ్ళేది ఎక్కువగా చివరి వారాల్లో. నాకు కోరింత దగ్గు టీకా ఈరోజు, ఆదివారం, వేయాల్సి ఉంది. అమ్ము గురువారమే పుట్టేసింది.

ఆమెకు నేనివ్వాల్సింది ఇవ్వలేదు. ఎవరి తప్పూ కాదు.

సెప్టెంబర్ 27

శుక్రవారం. మా ఆయన నిరంజన్ ఉత్తరాన ఉన్న అల్ రువైస్ నుంచి వచ్చాడు. అక్కడి రేవులో పని ఆగదు. వారమంతా వాళ్ళ కంపెనీ క్యాంప్‌లోనే ఉంటాడు, శుక్ర, శనివారాల సెలవుకు ఇక్కడికి వస్తాడు. గాజుపెట్టె ముందు నిలబడి, వంగి చూశాడు. తర్వాత, "ముక్కు మా నాన్నది" అన్నాడు. అంత చిన్న ముక్కులో ఎవరిదో ఎలా కనిపించిందో.

కోరింత దగ్గు టీకా వేయించుకోమని పోరితే నిన్న వేయించుకొచ్చాడు. పాప చుట్టూ ఉండేవాళ్ళంతా వేయించుకుంటే ఆ జబ్బు పాప దాకా రాదు. కాకినాడలో ఉన్న అత్తయ్యకు కూడా ఫోన్ చేసి చెప్పాను. వీసా వచ్చేలోగా వేయించుకుంటానన్నారు.

"మరి నువ్వు?" అన్నాడు నిరంజన్.

"పాపను ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు వేయించుకుంటాలే."

అక్టోబర్ 9

ఈరోజు గొట్టం తీసేశారు. సొంతంగా పాలు చప్పరించింది.

అక్టోబర్ 24

ఇంటికి వచ్చాం.

ఆసుపత్రిలో ఎప్పుడూ ఏదో ఒక యంత్రం కూస్తూ ఉండేది, నర్సులు ఉండేవారు. ఇక్కడ ఏసీ చప్పుడూ, ఎదుటి ఫ్లాట్‌లోని మలయాళీ వాళ్ళ పోపు వాసనా, అంతే. వాళ్ళావిడ కేక్ పట్టుకుని పాపను చూడటానికి వచ్చింది. తలుపు సందులోంచే కేక్ అందుకున్నాను. ఏమీ అనుకోలేదు. అనుకున్నా చేయగలిగిందేమీ లేదు.

నియమాలు సులువే. చెప్పులు బయటే. చేతులు కడగాలి. ముఖానికి మాస్కు. ముద్దులు లేవు. జలుబున్న మనిషి గడప దాటకూడదు.

నిరంజన్ నవ్వుతూ, "నాన్ననేనా అని గుర్తింపు కార్డు కూడా చూపించాలా?" అన్నాడు. నవ్వాను. చేతులు కడుక్కునే లోపలికి వచ్చాడు.

నవంబర్ 7

రెండో నెల టీకాలకు మెసైమీర్‌లోని ఆరోగ్య కేంద్రంలో ఈరోజు మాకు సమయం ఇచ్చారు. ఫోన్ చేసి వాయిదా వేశాను.

కారణాలు ఉన్నాయి. పోయిన వారమే యాంటీబయాటిక్ కోర్సు పూర్తయింది. బరువు ఇంకా తక్కువ. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో టీకాకు స్పందన తక్కువని మా లెక్కలే చెబుతున్నాయి. కొంచెం ఎదిగాక వేస్తే బాగా పని చేస్తుంది. పైగా అక్కడ వేచి ఉండే గదినిండా దగ్గే పిల్లలు.

ఇది భయం కాదు. నేను చదివిన చదువు.

నవంబర్ 10

బుర్హానుద్దీన్ ఫోన్ చేశాడు. నాతో పాటు ల్యాబ్‌లో పని చేస్తాడు, హైదరాబాద్ పాతబస్తీ మనిషి. నేను సెలవు పెట్టే ముందు మొదలుపెట్టిన, టీకాకు తోడు మందు కలిపి చూసే పని అతని చేతిలో పెట్టి వచ్చాను.

"మేడమ్, కొత్త మిక్స్ మంచిగ పనిచేసింది. పిల్లల కణాలు పెద్దోళ్ళ లెక్కనే లేస్తున్నయ్. నేనైతే ప్లేటు తప్పు పెట్టిననేమో అనుకుని మల్లొకసారి చేసిన. మల్ల అదే వచ్చింది."

నాలుగేళ్ళుగా ఆ మాట కోసం ఎదురుచూశాను. "బాగుంది" అన్నాను.

"మీరు ఇక్కడుంటే స్వీట్లు పంచుదుము మేడమ్. పాప ఎట్లుంది? టీకాలు అయినయా?"

"అవుతున్నాయి" అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఈ సంగతి ఎవరికి చెప్పాలా అని ఆలోచించాను. నిరంజన్ డ్యూటీలో ఉంటాడు. అమ్మ ఉంటే అర్థం కాకపోయినా గట్టిగా సంతోషపడేది. అమ్ముకు చెప్పాను. ఆవులించింది.

నవంబర్ 15

అత్తయ్య వచ్చారు. పెట్టెనిండా పచ్చళ్ళు, కాటుక, నూనెలు, పాత చీరలు చింపి కుట్టిన బొంతలు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, నేనేమీ చెప్పకుండానే తిన్నగా పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నారు.

"ఆ సూది వేయించుకున్నానమ్మాయ్. రెండ్రోజులు చెయ్యి ఎత్తలేకపోయాను. ఇప్పుడు ఇస్తావా?"

ఇచ్చాను. అమ్మును ఒళ్ళో పడుకోబెట్టుకుని, "ఇంత ప్రాణానికి అన్ని గొట్టాలు పెట్టారా తల్లీ" అన్నారు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా పాపను నాకివ్వలేదు, భుజానికే తుడుచుకున్నారు.

నవంబర్ 18

మధ్యాహ్నమంతా పడుకున్నాను. లేచేసరికి వంట అయిపోయి ఉంది. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. అత్తయ్య అమ్ముతో ఏవో కబుర్లు చెబుతున్నారు, కాకినాడలో పక్కింటివాళ్ళ కోడలి గురించి. అమ్ము శ్రద్ధగా వింటోంది.

ఇలా ఉంటే బాగానే ఉంటుంది అనిపించింది.

నవంబర్ 24

అత్తయ్య దగ్గుతున్నారు.

నవంబర్ 25

"పొద్దుటి పూట ఏసీ గాలికి గొంతు పట్టేసిందే. వేణ్ణీళ్ళు తాగితే పోతుంది" అన్నారు.

"పోయేదాకా ఆ గదిలోనే ఉండండి అత్తయ్యా. భోజనం అక్కడికే తెస్తాను."

"నేను సూది వేయించుకున్నాను కదుటే. నాకు జ్వరమా, ఒంటి నొప్పులా?"

"ఏ టీకా కూడా నూటికి నూరుపాళ్ళు ఆపదు."

ఆవిడ వేణ్ణీళ్ళ గ్లాసు తీసుకున్నారు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

నవంబర్ 29

నిరంజన్ వచ్చాడు. తల్లిని గదిలో చూసి, "పరీక్ష చేయిద్దాం, ఒక్క రోజులో తేలిపోతుంది" అన్నాడు. అక్కడ దగ్గేవాళ్ళ మధ్య కూర్చుని ఇద్దరూ ఇంకేం మోసుకొస్తారు?  ఇప్పుడు వద్దన్నాను. గదిలో ఉంటే చాలన్నాను.

తలుపు అవతల వాళ్ళిద్దరూ నెమ్మదిగా మాట్లాడుకోవడం వినిపించింది. నా గురించే.

డిసెంబర్ 3

నేను స్నానాల గదిలో ఉన్నాను. అమ్ము ఏడుపు మొదలైంది, ఆగింది. ఆగడమే నాకు భయం వేసింది. తల తుడుచుకోకుండానే బయటికి వచ్చాను.

అత్తయ్య హాల్లో నిలబడి ఉన్నారు. ముఖానికి మాస్కు, దాని మీద చీర చెంగు. అమ్ము ఆవిడ భుజం మీద ఉంది.

"గుక్క పట్టిందమ్మాయ్. చూస్తూ ఊరుకోమంటావా?"

"ఏడిస్తే ఏం కాదు అత్తయ్యా. దగ్గితే అవుతుంది. ఇటివ్వండి."

"ఇస్తాను. ముందు నువ్వు తల తుడుచుకో, నీళ్ళు కారుతున్నాయి, దాని మీద పడతాయి."

లాక్కున్నాను. ఒక మాట అన్నాను. అది ఇక్కడ రాయవలసిన అవసరం లేదు.

డిసెంబర్ 6

అత్తయ్య వెళ్ళిపోయారు. నిరంజనే విమానం ఎక్కించాడు. పచ్చళ్ళు ఇక్కడే ఉన్నాయి, బొంతలు కూడా. వెళ్ళేముందు గుమ్మం బయట నిలబడి దూరం నుంచే అమ్మును చూశారు. "జాగ్రత్త" అన్నారు. నాకో, అమ్ముకో.

ఇప్పుడు ఇంట్లో ప్రమాదం లేదు.

డిసెంబర్ 9

నిశ్శబ్దం. ఇదే కావాలనుకున్నాను.

డిసెంబర్ 12

నాకు పొడి దగ్గు. ఏసీ ఫిల్టరు కడగాలి. నిన్న దుమ్ముగాలి కూడా వచ్చింది, కిటికీ అంచుల నిండా ఇసుకే.

టీకాల తేదీ మళ్ళీ జరిపాను. వచ్చే నెల మొదట్లో. ఈసారి తప్పకుండా.

డిసెంబర్ 15

దగ్గు అలాగే ఉంది. మాట్లాడితే ఎక్కువవుతోంది. మాట్లాడటానికి ఎవరున్నారు కనుక.

డిసెంబర్ 18

ఖతార్ జాతీయ దినం. పైన విమానాలు వరుసలు కట్టి తిరిగాయి. ఆ చప్పుడుకు అమ్ము ఉలిక్కిపడింది. సముద్రం ఒడ్డున కార్నిష్ మీద జనం అట. కింద వీధిలో కార్లకు మెరూన్ జెండాలు. నిరంజన్‌కు సెలవు ఇచ్చారు గానీ రేవులో ఏదో ఓడ వచ్చిందని రాలేదు. రాకపోవడానికి ఓడే కారణమా అని అడగలేదు.

కిటికీ దగ్గర అమ్మును ఎత్తుకుని నిలబడి పొగతో గీసిన రంగులు చూపించాను. చూడలేదు. నా గొలుసు చూస్తోంది. దగ్గొచ్చినప్పుడు ముఖం పక్కకు తిప్పుకున్నాను.

డిసెంబర్ 21

అమ్ముకు ముక్కు కారుతోంది. జ్వరం లేదు.

డిసెంబర్ 23

మధ్యమధ్య దగ్గుతోంది. చిన్న దగ్గు, పిల్లికూనలా. అత్తయ్యదే అంటుకుని ఉంటుంది. ఆవిడ వెళ్ళి ఎన్నాళ్ళయింది మరి? ఇన్నాళ్ళకు బయటపడుతుందా? పడొచ్చు.

పడొచ్చు.

డిసెంబర్ 25, ఆసుపత్రి

నిన్న జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే మనసులో ఇంకోలా మారిపోతుంది.

ఉదయం పాలు పట్టాక దగ్గు మొదలైంది. ఒకదాని మీద ఒకటి, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేకుండా. ముఖం ఎర్రబడింది. తర్వాత దగ్గు ఆగింది. ఊపిరి రాలేదు. పెదాలు నీలంగా అయ్యాయి. నేను ఆ రంగు గురించి ఎన్నోసార్లు చదివాను. ఇలా ఉంటుందని ఏ పుస్తకంలోనూ లేదు.

వీపు రుద్దాను, పాదాలు గిల్లాను. ఊపిరి వచ్చింది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాను, కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

కింద మా భవనం నీడలో ఆదెప్ప కారు తుడుస్తున్నాడు. మా వెనక వీధిలో ఒక ఖతారీ వాళ్ళ ఇంట్లో డ్రైవరు, అనంతపురం వైపు మనిషి. నిరంజన్ కనబడినప్పుడల్లా తెలుగులో పలకరిస్తుంటాడు. నేనెప్పుడూ తలూపి వెళ్ళిపోయేదాన్ని.

"పాపకేమాయమ్మా?"

"ఊపిరి... ఊపిరి ఆగిపోతోంది."

"ఎక్కండి. యాడికి పోవల్ల?"

అది వాళ్ళ మేడమ్ కారు. ఆవిడ ఎప్పుడైనా బయలుదేరతానని పిలవచ్చు. ఆ మాట నాకు తోచలేదు, అతనికి తోచే ఉంటుంది. దారిలో అమ్ముకు ఇంకోసారి అలాగే అయింది. నేను అరిచాను. ఆదెప్ప వెనక్కి తిరగలేదు. "పోతాండామ్మా, పోతాండాం, పాపను చూసుకోండి మీరు" అంటూనే ఉన్నాడు. ఎర్ర దీపాలు ఎన్ని దాటాడో తెలియదు.

అత్యవసర విభాగంలో అమ్మును నా చేతుల్లోంచి తీసుకున్నారు. చేతులు కడుక్కున్నారో లేదో నేను చూడలేదు.

ఇప్పుడు ఐసీయూలో ఉంది. ముక్కుకు ఆక్సిజన్. నిరంజన్ నిన్న రాత్రే వచ్చాడు.

డిసెంబర్ 26

కోరింత దగ్గు.

డాక్టర్ సూడాన్ ఆవిడ. వయసులో నాకంటే చిన్నది, గొంతు మెత్తగా ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా అని అడిగింది. "మా అత్తగారికి ఉండేది" అని వెంటనే చెప్పాను. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు వెళ్ళిపోయారు, టీకా వేయించుకున్నారా, అన్నీ అడిగింది. చెబుతుంటే మధ్యలో నాకు దగ్గు వచ్చింది. ముఖం పక్కకు తిప్పుకున్నాను.

ఆవిడ రాయడం ఆపింది.

"మీకు ఎప్పటినుంచి?"

"ఇది ఏసీ వల్ల. దుమ్ము వల్ల."

"ఎప్పటినుంచి అపూర్వా?"

నా ముక్కులోంచి కూడా నమూనా తీసుకున్నారు.

డిసెంబర్ 27

నాదే.

నిరంజన్ నిన్ననే వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. విమానం దిగిన మర్నాటి నుంచి ఆవిడకు దగ్గే లేదట. ఏసీ గాలి లేని చోట ఎందుకుంటుంది. ఆవిడ టీకా వేయించుకున్నారు. నిరంజన్ వేయించుకున్నాడు. మా ఇంటి పెద్దవాళ్ళలో వేయించుకోనిది నేనొక్కదాన్నే. పాపను ఇంటికి తెచ్చేటప్పుడు అనుకున్నాను. తెచ్చాక రేపు అనుకున్నాను. తర్వాత అనుకోవడం కూడా మానేశాను.

నాకెక్కడ అంటుకుందని అడిగాను. "లిఫ్టులో, దుకాణంలో, ఎక్కడైనా. అది తెలిసి ఇప్పుడు చేసేదేమీ లేదు" అంది డాక్టర్. తర్వాత రెండో నెల టీకాల గురించి అడిగింది. నేను నోరు తెరిచేలోపే నిరంజన్, "వేయించాం" అన్నాడు.

"లేదు" అన్నాను.

డాక్టర్ వెళ్ళాక నిరంజన్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎందుకు అపూ?"

చెప్పాను. యాంటీబయాటిక్, బరువు, నెలలు నిండని పిల్లల్లో స్పందన, మా లెక్కలు. మొత్తం విన్నాడు. ఎక్కడా అడ్డు రాలేదు.

"ఇదంతా వేరే తల్లి వచ్చి నీతో అంటే, సరే వాయిదా వేయమ్మా అని చెబుతావా?"

 కాఫీ తెస్తానని వెళ్ళాడు. చాలాసేపటికి ఒక్క కప్పుతో వచ్చాడు. నాకే ఇచ్చాడు.

డిసెంబర్ 29

నాకూ మందు ఇస్తున్నారు. కోర్సు పూర్తయ్యేదాకా అద్దం ఇవతలే ఉండాలి. ఇవతల నుంచి అమ్మును చూస్తున్నాను. దగ్గు తెర వచ్చినప్పుడు నర్సు వచ్చి ఒక పక్కకు తిప్పి పట్టుకుంటుంది. ఫిలిప్పీన్స్ అమ్మాయి. పట్టుకున్నంతసేపూ ఏదో పాడుతుంది, పెదాలు కదలడం కనిపిస్తుంది.

అద్దం అవతల అందరూ అమ్మును ముట్టుకుంటున్నారు. నేను తప్ప.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో స్పందన తక్కువ. నిజమే. తక్కువంటే లేదని కాదు. ఉన్న కొంచెమే ఐసీయూకు రాకుండా ఆపుతుంది. అందుకే ఎన్ని నెలలకు పుట్టినా, పుట్టిన రోజు నుంచి లెక్కపెట్టి వేయమంటారు. తల్లి నుంచి వెళ్ళినది తక్కువైతే ఇంకా తొందరగా కావాలి, ఆలస్యంగా కాదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. నవంబర్‌లోనూ తెలుసు. ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేస్తున్నప్పుడు కూడా తెలుసు.

సూది చూస్తే భయం వేసింది, అంతే. ఆ గాజుపెట్టెలో దానికి ఎన్ని సూదులు గుచ్చారో చూశాను. ఇంకొకటి నా చేత్తో పట్టుకుని వేయించలేకపోయాను. భయమని రాస్తే సరిపోయేది. చదువని రాశాను.

డిసెంబర్ 31

దగ్గు తెర వచ్చింది, ఊపిరి తనంతట తానే తీసుకుంది. డాక్టర్ తల ఊపింది.

జనవరి 1

బుర్హానుద్దీన్ వాళ్ళావిడ చేసిన బిర్యానీ తెచ్చి కారిడార్‌లో నిలబడ్డాడు. ల్యాబ్ మాట ఎత్తలేదు. నేనే అడిగాను.

"మూడోసారి కూడా అట్లనే వచ్చింది మేడమ్. పేపరు రాసుడు మీరొచ్చినంకనే. తినండి ముందు, చల్లారిపోతది."

అక్కడే నిలబడి తిన్నాను. అతను వెళ్ళకుండా గిన్నె ఖాళీ అయ్యేదాకా ఉన్నాడు. కొత్త మిక్స్ పిల్లలందరికీ చేరాలంటే ఇంకా ఏళ్ళు పడుతుంది. అమ్ముకు కావలసింది ఎప్పటినుంచో ఉన్న మామూలు టీకా. అది మెసైమీర్‌లో ఫ్రిజ్‌లో ఉంది.

జనవరి 4

అమ్మును నా చేతికిచ్చారు. బరువు తగ్గింది. నా ముఖం కాసేపు చూసి గొలుసు పట్టుకుంది.

ఆదెప్పకు ఫోన్ చేశాను. వాళ్ళ మేడమ్ ఏమైనా అందా అని అడిగితే, "కోప్పడిందమ్మా. పాప సంగతి చెప్తే మళ్ళ ఏమన్లేదు. పాపెట్లుంది అని దినామూ అడుగుతాంటాది" అన్నాడు.

జనవరి 5

డిసెంబర్ 3న అత్తయ్యతో అన్న మాట: "మీరు పట్టుకుంటే దాన్ని చంపినట్టే."

రాశాను. ఇక ఫోన్ చేయాలి.

అదే రోజు, సాయంత్రం

చేశాను. అవతల కుక్కర్ చప్పుడు. అత్తయ్య చెల్లెలు ఎవరు ఫోన్ అని అడగడం వినిపించింది. ఆవిడ జవాబు చెప్పలేదు. తలుపు దగ్గరగా వేసిన చప్పుడు.

"చెప్పమ్మాయ్."

"అత్తయ్యా, ఆ దగ్గు నాది. మీది కాదు."

"నిరంజన్ చెప్పాడు."

"నేను చెప్పాలని చేశాను."

"నాది కాదని నాకు ముందే తెలుసు. నీకు చెబితే వినే స్థితిలో లేవు."

నేను ఏడిచాను. ఆవిడ ఊరుకోబెట్టలేదు. ఆగేదాకా ఉన్నారు.

"ఆ మాట అనకుండా ఉండాల్సింది అత్తయ్యా."

"అవును. అనకుండా ఉండాల్సింది."

అవతల కుక్కర్ మళ్ళీ కూసింది. ఫోన్ పెట్టేస్తారనుకున్నాను.

"నీకు తగ్గిందా?" అన్నారు.

అమ్ము గురించి అనుకుని చెప్పడం మొదలుపెట్టాను. ఆక్సిజన్ తీసేశారని, పాలు తాగుతోందని.

"అమ్ము సంగతి నిరంజన్ పూటపూటా చెబుతున్నాడు. నీ దగ్గు సంగతి అడుగుతున్నాను. నీకు తగ్గిందా?"

ఈ నెల రోజుల్లో నన్ను ఎవరూ అడగలేదు. డాక్టర్ అడిగింది, కానీ అది వేరే. తగ్గుతోందని చెప్పాను. మాట్లాడితే ఇంకా వస్తోందని చెప్పాను.

"మళ్ళీ వస్తారా అత్తయ్యా?"

"ఇప్పుడు రాను. అబద్ధం ఎందుకు, నాకింకా మనసు కుదుటపడలేదు. పడితే నేనే చెబుతాను. నువ్వు నన్ను అడుగుతూ ఉండకు."

"సరే."

"ఇవాళ ఏం తిన్నావు?"

జనవరి 9

ఇల్లు. ఎదుటి ఫ్లాట్ ఆవిడ తలుపు తీసి చూసింది. నేను ఆగాను. ఆవిడ దగ్గరికి రాలేదు, నా నియమాలు ఆవిడకు గుర్తున్నాయి. "బాగుందా?" అని అక్కడి నుంచే చేత్తో అడిగింది. "లోపలికి రండి" అన్నాను. పొయ్యి మీద ఏదో ఉందట, తర్వాత వస్తానంది.

రాలేదు. నేనైనా వచ్చేదాన్ని కాదు.

జనవరి 14

అమ్ముకు దగ్గు ఇంకా ఉంది గానీ నీలం లేదు. నిరంజన్ ఆఫీసులో మాట్లాడి దోహాకు బదిలీ అడిగాడట. మార్చిలో కావచ్చు, కాకపోవచ్చు. అందాకా మామూలే. ఆదివారం తెల్లవారుతూనే అల్ రువైస్ వెళ్ళిపోతాడు. తలుపు మూసుకున్నాక ఏసీ చప్పుడు.

అత్తయ్యకు రోజూ ఒక ఫోటో పంపుతున్నాను. చూసినట్టు ఫోన్‌లో టిక్కులు పడతాయి. జవాబు రాదు.

జనవరి 19

జవాబు వచ్చింది. "బొంత తిరగేసి కప్పావు."

జనవరి 26

మెసైమీర్. వాయిదా వేయలేదు.

వేచి ఉండే గదినిండా పిల్లలే. కొందరు దగ్గుతున్నారు. అమ్మును గుండెకు హత్తుకుని ఒక మూల కుర్చీలో కూర్చున్నాను. పేరు పిలిచారు. అమ్ము తొడ నా చేత్తో పట్టుకోమని నర్సు చెప్పింది. పట్టుకున్నాను. కళ్ళు మూసుకోలేదు. ఒక కేక పెట్టింది, రెండో తొడకు ఇంకో కేక, తర్వాత నా మెడలో ముఖం దాచుకుని వెక్కింది. అంతే. నవంబర్ నుంచి నేను భయపడింది ఇంతసేపే.

"మీ టీకా కూడా ఉంది కదా" అంది నర్సు. "పక్క గదిలో. పాపను ఎవరికైనా ఇచ్చి రండి."

"నాతో ఎవరూ రాలేదు."

"ఒక్క నిమిషమే."

బయట వరుసలో ఒకావిడ ఖాళీ పిల్లల బండి పక్కన కూర్చుని ఉంది. తాను పనిచేసే ఇంటి పిల్లాణ్ణి వాళ్ళ మేడమ్ లోపలికి తీసుకెళ్ళినట్టుంది. ఫోన్‌లో తెలుగులో ఎవరినో గదమాయిస్తోంది. ఫోన్ పెట్టేసి, నేను నిలబడి చూస్తుండటం చూసింది.

"తెలుగోళ్ళాండీ?"

"అవును. ఒక్క నిమిషం పాపను పట్టుకుంటారా?"

"అయ్యో, ఇటివ్వండమ్మా."

ఆవిడకు దగ్గుందేమో, జలుబుందేమో, చేతులు ఎప్పుడు కడుక్కుందో, అన్నీ నాలుక చివర దాకా వచ్చాయి. ఇప్పుడే వేసిన టీకా పని మొదలుపెట్టడానికి ఇంకా రోజులు పడుతుందని ఈ గదిలో నాకంటే బాగా ఎవరికి తెలుసు. అమ్మును ఆవిడ చేతుల్లో పెట్టాను.

నేను తిరిగి వచ్చేసరికి అమ్ము ఆవిడ భుజం మీద నిద్రపోయింది. ఆవిడ నెమ్మదిగా అటూ ఇటూ ఊగుతోంది. తీసుకుందామని చేతులు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని పక్క కుర్చీలో కూర్చున్నాను. సూది పడ్డ చేయి బరువుగా ఉంది.

"మీ పేరు?" అన్నాను.

"శివకుమారి అండి. భీమవరం దగ్గరండి మాది. పాప పేరేంటమ్మా?"

"అమ్ము."

"అది ముద్దు పేరు కదండీ. అసలు పేరు?"

"ఇంకా పెట్టలేదు. వాళ్ళ నానమ్మ రావాలి."

"ఎప్పుడొస్తారండీ?"

"నా మీద కోపం తగ్గాక."

శివకుమారి నవ్వలేదు. అమ్ము వీపు మీద చేయి మార్చుకుని, "అయితే కూకోండి కాసేపు" అంది.